కార్మొడీ తాతకు బతాసాలు

ఢిల్లీ నుంచి వచ్చి నెల దాటింది. గుడి మెట్ల దగ్గర, కూరగాయల బండి దగ్గర, ఆఖరికి పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్నప్పుడు కూడా అందరూ అడిగేది ఒక్కటే. "ఇంతకీ మీరు ఐర్లండు వాళ్ళేనా టీచరు గారూ?" ఒక్క మాటలో తేలే విషయమైతే అప్పుడే తేల్చేసేదాన్ని. బయలుదేరేటప్పుడు నాకు అంతా తెలుసు. వెళ్ళాక రోజుకో కొత్త సంగతి తెలిసింది. తెలిసినకొద్దీ బుర్ర తిరిగిపోయింది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇది చదివాక దయచేసి పళ్ళ డాక్టరు దగ్గర ఎవరూ అడగకండి.

మాది గుంటూరు పక్క పల్లె, పాత క్యాథలిక్ కుటుంబం. నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా ఇంట్లో పిల్లి కళ్ళు ఉన్నాయి. అమ్మకు ఉండేవి, నాకూ మా తమ్ముడికీ వచ్చాయి. ఎవరైనా వింతగా చూస్తే అమ్మ మెడ నిక్కించి చెప్పేది. "మా తాత ఐర్లండు దొర. డెనిస్ కార్మొడీ. ఢిల్లీలో సమాధి ఉంది." ఆ దొర గుంటూరు వైపు రైలు పట్టాలు వేయించడానికి వచ్చి, మా అమ్మమ్మ లూర్దమ్మ తల్లిని పెళ్ళి చేసుకుని, తరవాత ఢిల్లీ బదిలీ అయి అక్కడే పోయాడని కథ. మా ఇంట్లో ఎవరికి కోపం వచ్చినా అది ఐర్లండు రక్తం ఖాతాలో పడేది. కథలో కంతలున్నాయని సోషల్ టీచరునైన నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

అమ్మమ్మ పెళ్ళయిన కొత్తలోనే తాతయ్యతో ఢిల్లీ వెళ్ళింది. ఆయన ఒక ఆసుపత్రిలో వంటవాడు, ఆవిడ అక్కడే ఆయా. అమ్మ, పిన్ని అక్కడే పుట్టారు. అమ్మ పెళ్ళి చేసుకుని ఊరికి వచ్చేసింది. వయసు మళ్ళాక అమ్మమ్మా తాతయ్యా కూడా ఊరికే వచ్చి ఇక్కడే కన్నుమూశారు. పిన్ని మాత్రం పెళ్ళి చేసుకోకుండా, నర్సు ఉద్యోగం చేసుకుంటూ ఢిల్లీలో ఉండిపోయింది. పేరు ఆగ్నేసమ్మ. ఎనభై దాటాయి. అక్టోబరు మధ్యలో ఆవిడ ఫోన్ చేసింది.

"ఒసే సిసిలీ, నే పోయేలోపు నా చోటు తేల్చి పెట్టవే" అంది. వెళ్ళక తప్పుతుందా?

ఘాజియాబాద్

పిన్ని ఉండేది ఢిల్లీని ఆనుకుని ఉన్న ఘాజియాబాద్‌లో, కింద స్టీలు గిన్నెలు కొట్టే షెడ్డు, పైన రెండు గదులు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నేల దడదడలాడుతూనే ఉంటుంది. కప్పులో టీ కూడా వణుకుతుంది. మెట్లెక్కేసరికి నాకే ఆయాసం వచ్చింది, ఈవిడ ఎట్లా దిగుతోందో అనుకున్నాను. దిగడం లేదట. తాడు కట్టిన బుట్ట ఒకటి కిటికీలోంచి వదులుతుంది. కింద బండివాడు అందులో కూరగాయలు వేస్తాడు. "దీదీ, టమాటర్ మహెంగా హై" అని ధర పెరిగిందంటూ కిందనుంచి వాడు, "తో ఆధా కిలో దే" అని అరకిలో చాలంటూ పైనుంచి ఈవిడ. బేరం మొత్తం బుట్ట గాల్లో ఉండగానే జరిగిపోతుంది.

భోజనంలో ఆకుపచ్చగా ఏదో వడ్డించి "గోంగూర" అంది. నోట్లో పెడితే పాలకూర.

"చింతపండు ఎక్కువేసి గోంగూరనుకుని తింటా" అంది పిన్ని. "అరవయ్యేళ్ళుగా ఇదే అలవాటు. మొన్న నువ్వు పంపిన అసలు గోంగూర తింటే, ఇదేంది తేడాగా ఉంది అనిపిచ్చింది."

తిన్నాక అసలు సంగతి చెప్పింది. గుండె బాగా లేదని డాక్టరు తేల్చాడు. దానికి ఆవిడ దిగులు పడటం లేదు. ఢిల్లీ పాత సమాధుల తోటలో ఇక కొత్త గుంతలకు చోటు లేదు. కొత్తగా పోయేవాళ్ళకు ఊరి చివర ఎక్కడో ఇస్తున్నారు. పాత సమాధి మాత్రం, అందులో ఉన్నవాళ్ళ కుటుంబానికైతే మళ్ళీ తెరుస్తారు. కార్మొడీ తాత సమాధిలోకే వెళ్ళాలని పిన్ని కోరిక. ఆయన మన రక్తమని కాగితం చూపించమన్నారు.

"మన ఊరికి తీసుకెళ్తాలే పిన్నీ. అక్కడ అమ్మమ్మ ఉంది, అమ్మ ఉంది" అన్నాను.

"ఐసు పెట్టెలోనా? వద్దు తల్లీ. మా అమ్మ ఊరెళ్ళేప్పుడు నా చెయ్యి పట్టుకుని ఒక్కటే మాట చెప్పింది. ఆ సమాధి వదలమాకే అని. చిన్నప్పుడు ఎవరమ్మా ఈయన అంటే మనోళ్ళే అనేది. ఏటా సమాధుల పండక్కి నేనే సున్నం కొట్టిస్తన్నా. నే బోతే ఎవురు కొట్టిస్తారు? నేనూ అందులోకే బోతే ఇద్దరికీ కలిపి ఎవురో ఒకరు కొట్టిస్తారు."

ఇంతలో కిటికీ కింద ఎవరో అరిచారు. పిన్ని బుట్ట వదిలి పైకి లాగింది. అందులో బతాసాల పొట్లం ఉంది. అక్కడ దీపావళికి పేలాలు, బతాసాలు గుట్టలు పోసి అమ్ముతారు. పండగ వెళ్ళాక ధర సగానికి సగం పడిపోతుంది. మన చక్కెర చిలకల్లాగే ఉంటాయి, కాకపోతే గుండ్రంగా, నోట్లో వేసుకుంటే పేలిపోయేంత తేలిక. ఒకటి తీసుకోబోతే పిన్ని చేతి మీద కొట్టింది.

"కార్మొడీ తాతయ్యవి అవి. ఆయనకి తీపంటే ప్రాణం. మా అమ్మ ఏటా పెట్టేది" అని డబ్బాలో పోసి మూత బిగించింది.

మా ఊళ్ళో సమాధి మీద తినే వస్తువు పెడితే ఫాదరు గారు చెడామడా తిడతారు. పూలు, కొవ్వొత్తులు, అంతే. ఢిల్లీలో పద్ధతి వేరేమో అనుకుని ఊరుకున్నాను.

సమాధుల తోట

మర్నాడు ఒక్కదాన్నే ఆటోలో వెళ్ళాను. ఘాజియాబాద్ నుంచి అక్కడికి ఆటోవాడు అడిగిన డబ్బుతో మా ఊరి నుంచి విజయవాడ వెళ్ళి సినిమా చూసి రావచ్చు. పొగమంచు కాదు, పొగే. గేటు దగ్గర నిలబడితే తోట చివర కనిపించలేదు. పాత దొరల సమాధులన్నీ ఒక వైపు, వేప చెట్ల కింద. కొన్ని రాళ్ళ మీద ఉడతలు, కొన్నిటి మీద పక్క బస్తీవాళ్ళు ఆరేసిన దుప్పట్లు.

కార్మొడీ తాత రాయి వెతకడం కష్టం కాలేదు. ఆ వరసలో సున్నం మెరుస్తున్నది అదొక్కటే. పేరు చదవగలిగాను. కింద "కౌంటీ క్లేర్" అని ఉంది. ఆ కిందిదంతా వానకు అరిగిపోయింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఒప్పుకుంటాను. ముత్తాతను మొదటిసారి చూస్తున్నాను మరి. దండం పెట్టుకుని, రాయి చుట్టూ తిరిగి వెనకవైపు చూద్దామని అడుగు వేసి ధబాలున పడ్డాను.

కాళ్ళ వైపు, సమాధి గట్టును ఆనుకుని మూరెడు పొడవున ఇటుకలు పేర్చి సున్నం కొట్టి ఉన్నాయి. మధ్యలో మట్టి. పూలకుండీ పెట్టడానికి కాబోలు. బొటనవేలి గోరు లేచింది, చెప్పు తెగింది. ఐర్లండు రక్తం కాస్త బయటికి వచ్చింది కూడా. గేటు బయట చెప్పులు కుట్టే ఆయన ఇరవై రూపాయలు తీసుకుని, "అమ్మాజీ, చనిపోయినవాళ్ళు ఎక్కడికీ పోరు, మెల్లగా నడవండి" అన్నాడు.

గుడి ఆఫీసులో ఫాదరు చిన్నవాడు, జార్ఖండ్ మనిషి. చాలా మర్యాదగా హిందీలో చెప్పాడు. కమిటీ నియమం ఒకటే, సమాధిలో ఉన్న మనిషి మీకు ఏమవుతారో చూపించాలి.

"మా అమ్మమ్మ తండ్రి" అన్నాను ధీమాగా.

"అచ్ఛా. అయితే ఆయన పెళ్ళి కాగితమో, మీ అమ్మమ్మగారి జ్ఞానస్నానం కాగితమో ఉంటే చాలు. సమాధి చేసిన రిజిస్టరు పాతది, వేరే చోట ఉంది. నకలు తెప్పిస్తాను, కొన్ని రోజులు పడుతుంది."

వచ్చేటప్పుడు తెమ్మని పిన్ని ముందే చెబితే, అమ్మమ్మ జ్ఞానస్నానం పుటను మా ఊరి గుడిలోనే ఫోన్లో ఫొటో తీసుకొచ్చాను. చూపించబోయి ఆగాను. అది లాటిన్‌లో ఉంది. అందులో ఎక్కడా కార్మొడీ అనే మాట కనిపించడం లేదు. తండ్రి పేరు చోట "ఇగ్నేషియస్" అని ఉంది. దొరలకు రెండు మూడు పేర్లుంటాయి కదా, ఇదీ తాత పేరే అయి ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ముందు ఐర్లండు వైపు కాగితాలు చూసి వస్తానని చెప్పి లేచాను.

గురుగ్రామ్

మా తమ్ముడి కూతురు రీనా గురుగ్రామ్‌లో పెద్ద కంపెనీలో పనిచేస్తుంది. పుట్టి పెరిగింది అక్కడే. తెలుగు అర్థమవుతుంది కానీ నోట్లోంచి రాదు. దాని ఆఫీసు లిఫ్టులో అంతస్తుల బొత్తాలే లేవు. బయటే చెప్పి ఎక్కాలట. ఆ సంగతి తెలియక నేను పైకీ కిందికీ విహారం చేస్తూ ఉంటే, చివరికి సెక్యూరిటీ అమ్మాయి చెయ్యి పట్టుకుని దింపింది.

"అత్తా, రిలాక్స్. సబ్ ఆన్‌లైన్ హై" అంది రీనా.

నిజమే. ఐర్లండు ప్రభుత్వం వాళ్ళ పాత జనన మరణాల పుటలన్నీ ఊరికే చూడనిస్తోంది. పుట్టిన తేదీ, పల్లె పేరు, తండ్రి పని, అన్నీ ఉన్నాయి. నాకు బాగా నచ్చింది ఇంకొకటి. ప్రతి పుట్టుకకూ తల్లి పుట్టింటి పేరు రాశారు. మన దగ్గర తల్లి ఇంటిపేరు పెళ్ళిపందిట్లోనే ఆవిరైపోతుంది. అక్షరాలు రానివాళ్ళు పేరు పక్కన ఇంటూ గుర్తు పెట్టారు. మా ఊళ్ళో వేలిముద్ర, వాళ్ళ ఊళ్ళో ఇంటూ.

కౌంటీ క్లేర్, డెనిస్ కార్మొడీ అని కొట్టింది రీనా. వచ్చారు. ఒకరా ఇద్దరా? తెర కిందికి జరుపుతూనే ఉంది, డెనిస్‌లు వస్తూనే ఉన్నారు. తండ్రి పేరు కూడా డెనిస్, లేకపోతే మైకేల్. పని అందరిదీ వ్యవసాయం, లేకపోతే కూలి. నాకు మా ఊరు గుర్తొచ్చింది. మా వీధిలో "జోజీ" అని పిలిస్తే సగం వీధి వెనక్కి తిరిగి చూస్తుంది. ఐర్లండు గుడి పుస్తకాల్లో చూస్తే ఇంకా ఘోరం. అక్కడ డెనిస్ అనేవాడే లేడు, అందరూ "డయొనీసియస్".

"యే కౌన్ హై అత్తా?" అంది రీనా.

"నాకేం తెలుసు? గ్రీకు దేవుడెవరో ఉన్నాడు ఆ పేరుతో. ఇంతకీ వీళ్ళలో మన తాత ఎవడే?"

"ఆప్‌కో కౌన్ పసంద్ హై?" నీకెవరు నచ్చారంటుంది.

"ఇవేమన్నా పెళ్ళిచూపులా?" అని కసిరాను గానీ, చివరికి చేసింది అదే. సముద్రం పక్కన పల్లెలో పుట్టినవాడొకడు నాకు నచ్చాడు. తల్లి పేరు ఆనర్. ఇంటూ గుర్తు ఆవిడదే. ఆ గుర్తు మీద వేలు పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. అక్షరం రాని ఆ తల్లి నా ముత్తవ్వ తల్లో, అత్తో, ఎవరో ఒకరు అవుతుందని అనుకుంటే లోపల ఏదో కరిగింది. ఏ వరస అవుతుందో మాత్రం ఎంత లెక్కపెట్టినా తేలలేదు.

మధ్యాహ్నం రీనా ఆకులూ గింజలూ ఉన్న గిన్నె తెప్పించింది. అది భోజనం కాదు, మేత. సాయంత్రం రోడ్డు పక్క మోమోలు తింటే గానీ ప్రాణం లేచి రాలేదు. మోమోలంటే మన కుడుముల్లాంటివే, లోపల క్యాబేజీ, పైన కళ్ళు తిరిగే ఎర్ర పచ్చడి. ఎనభై రూపాయలకు ఒక ప్లేటు. ఆ పచ్చడికి మాత్రం గుంటూరు దాన్నైన నేను కూడా దండం పెట్టాను.

కటవారియా సరాయ్

లాటిన్ చదివేవాళ్ళు ఎవరా అని ఆలోచిస్తే బాలశౌరి గుర్తొచ్చాడు. నా దగ్గర చదువుకున్నవాడే. ఫాదరు అవుదామని సెమినరీలో కొన్నేళ్ళుండి, మనసు మారి బయటికొచ్చి, ఇప్పుడు ఢిల్లీలోనే కటవారియా సరాయ్‌లో గది తీసుకుని సర్వీసు పరీక్షలకు చదువుతున్నాడు. ఆ సందుల్లో ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు అంటుకోవాలి. గదిలో మంచం పోను మిగిలింది తలుపు తెరిచేంత చోటు. గోడ నిండా భారతదేశం పటాలు. నేను మంచం మీద, వాడు తలకిందులుగా పెట్టిన బకెట్టు మీద కూర్చున్నాం. బ్రెడ్ పకోడీ, టీ తెప్పించాడు. బ్రెడ్‌ను బజ్జీ వెయ్యడమేమిటో నాకు అర్థం కాలేదు గానీ, రెండు తిన్నాను.

"డయొనీసియస్ అంటే డెనిస్సే టీచరు గారూ. లాటిన్‌లో అంతే రాస్తారు" అన్నాడు.

అమ్మయ్య, ఒక ముడి వీడిందనుకుని అమ్మమ్మ ఫొటో చూపించాను. వాడు ఫోను దగ్గరికి పెట్టుకుని చదివాడు. ఇంకోసారి చదివాడు. మొహమాటంగా నవ్వాడు.

"ఇగ్నేషియస్ అంటే మన ఇన్నయ్యండి."

"ఏ ఇన్నయ్య?"

"మన ఊరి ఇన్నయ్యే. పక్కన ఇంటిపేరు కూడా ఉంది కదండీ. మీ అమ్మమ్మ గారి నాన్న గారు ఇన్నయ్య, అమ్మ గారు అన్నమ్మ. ఇద్దరిదీ మన ఊరే అని రాశారు."

చేతిలో టీ చల్లారిపోయింది. మా వాళ్ళ పిల్లలందరికీ గుడిలో పెద్ద పేరొకటి, వీధిలో చిన్న పేరొకటి. ఇగ్నేషియస్ ఇన్నయ్య అవుతాడని నాకు తెలియక కాదు. తెలిసే, అతన్ని దొర చేద్దామనుకున్నాను.

"మరి నా పిల్లి కళ్ళు?" అన్నాను, ఆఖరి ఆశగా.

"మా మేనత్తకి కూడా ఉన్నాయండి. మేమే దేశం వాళ్ళమో మరి" అన్నాడు బాలశౌరి. పాపం నన్ను నవ్వించాలనే.

నవ్వు రాలేదు. నా ఐర్లండు పోతే పోయింది. పిన్నికి ఏం చెప్పాలి? బాలశౌరి పాత కాగితం తీసి వంశవృక్షం గీయడం మొదలుపెట్టాడు, ఎక్కడైనా కార్మొడీ ఇరుకుతాడేమో చూద్దామని. "లూర్దమ్మ గారికి పిల్లలెంతమందండీ?" అని అడిగాడు.

"అమ్మ, పిన్ని. అమ్మకు ముందు ఒక మగపిల్లాడు పుట్టి, చంటివాడుగానే ఢిల్లీలో పోయాడంటారు. అమ్మమ్మ ఎప్పుడూ ఎత్తేది కాదు. పేరు కూడా తెలియదు."

వాడు అక్కడొక చిన్న సున్నా చుట్టి పక్కకు వెళ్ళిపోయాడు. కార్మొడీకి మాత్రం ఆ చెట్టులో ఎక్కడా కొమ్మ దొరకలేదు.

మళ్ళీ గుడి ఆఫీసు

నకలు వచ్చిందని ఫాదరు కబురు చేస్తే వెళ్ళాను. నాలుగే ముక్కలు. డెనిస్ కార్మొడీ. సిపాయి. వయసు ఇరవై రెండు. జ్వరం. పక్కన వేసిన సంవత్సరం అమ్మమ్మ పుట్టడానికి ఎంతో ముందుది. రైలు పట్టాలూ లేవు, గుంటూరూ లేదు. తాత కూడా కాదు, మీసాలు సరిగా రాని కుర్రాడు.

ఫాదరు అటు తిరిగి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతుంటే నేను ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాను. ఇన్నేళ్ళు అమ్మ మెడ నిక్కించి చెప్పిందంతా ఒట్టిదే. సరే, మా గొప్ప పోతే నష్టం లేదు. కానీ సంబంధం లేని సిపాయి సమాధికి అమ్మమ్మ అన్నేళ్ళు ఎందుకు దండలు వేసింది? ఆయా జీతంలోంచి సున్నానికి డబ్బు ఎందుకు పెట్టింది? వదలొద్దని కూతురి చెయ్యి పట్టుకుని ఎందుకు చెప్పింది? నాకు ఏమీ అర్థం కాలేదు.

"మిల్ గయా, మేడమ్‌జీ?" దొరికిందా అని అడిగాడు ఫాదరు.

దొరికిందని ఒక్క మాట అనేస్తే పిన్నికి చోటు దొరుకుతుంది. ఆయన నన్ను నమ్మేలాగే ఉన్నాడు. నాలుక చివరదాకా వచ్చింది. "పండగ తరవాత చెప్తాను ఫాదర్" అని బయటపడ్డాను.

ఇంటికి వెళ్ళేసరికి పిన్ని కొత్త తెల్లచీర ఇస్త్రీ చేయించి కుర్చీ మీద వేసి ఉంది. "పండక్కా పిన్నీ?" అంటే, "పండక్కీ కట్టుకుంటా, నే పోయేనాటికీ పనికొచ్చుద్దని" అంది. సిపాయి సంగతి పండగయ్యాక చెబుదాంలే అని, చీర తీసి పెట్టెలో పెట్టాను.

సమాధుల పండగ

నవంబరు రెండున పిన్నిని కిందికి దించడానికి షెడ్డులో పనివాళ్ళు సుత్తులు ఆపి వచ్చారు. కుర్చీతో సహా ఎత్తుకుని దించారు. ఆవిడ ఒళ్ళో బతాసాల డబ్బా. రీనా సెలవు పెట్టి కారు తెచ్చింది.

మా ఊళ్ళో సమాధుల పండగంటే తిరణాలే. రంగు కాగితాలు, సీరియల్ బల్బులు, మైకు. ఇక్కడ గుసగుసలే. బంతి దండ యాభై, కొవ్వొత్తుల పెట్టె నలభై. పంజాబీ కుటుంబాలు, మలయాళీ నర్సులు, జార్ఖండ్ పనిపిల్లలు, ఎవరి రాయి దగ్గర వాళ్ళు చీపురుతో ఊడుస్తున్నారు.

పిన్ని కుర్చీలో కూర్చునే హుకుములు మొదలుపెట్టింది. "పూలు తలకాడ వెయ్యి. కొవ్వొత్తులు కూడా తలకాడే. బతాసాలు మాత్రం నేనే పెడతా. నన్ను లేపి అటు తీసకపో."

తీసుకెళ్ళమన్నది నా గోరు లేపిన ఇటుకల దగ్గరికి. మెల్లగా వంగి, ఇటుకల మధ్య మట్టి మీద బతాసాలు ఒక్కొక్కటీ పేర్చింది.

"ఇక్కడెందుకు పిన్నీ?"

"మా అమ్మ ఇక్కడే పెట్టేది. ఈ ఇటికలు ఊడినా ఊరుకునేది కాదు, తనే మళ్ళీ పేర్చేది. నేనూ అట్టాగే చేపిస్తన్నా. తాత కాళ్ళకి అడ్డం అనుకున్నా."

రెండు వరసల అవతల ఒక చిన్న వయసు తల్లి మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఆవిడ ముందు మూరెడు సమాధి. బిస్కెట్ పొట్లం చింపి, ఒక్కో బిస్కెట్టూ తీసి దాని మీద పెడుతోంది. ఫాదరు అటు వైపే మంత్రజలం చల్లుకుంటూ వస్తున్నాడు. ఆవిడ దగ్గర ఆగాడు. బిస్కెట్లు చూశాడు. ఏమీ అనకుండా ఆవిడ తల మీద చెయ్యి పెట్టి ముందుకు నడిచాడు.

మా ఊళ్ళోనూ అంతే. సమాధి మీద తిండి పెడితే చెడామడా తిట్టే ఫాదరు గారు చంటిపిల్లల తల్లుల్ని మాత్రం చూడనట్టు వెళ్ళిపోతారు. పెద్దవాళ్ళకు ఎవరూ పెట్టరు. పసివాళ్ళకే పెడతారు, అదీ తల్లులే.

నేను ఆ మూరెడు సమాధిని చూశాను. మా కాళ్ళ దగ్గర ఇటుకల్ని చూశాను. రెండూ ఒకటే పొడవు. బాలశౌరి కాగితం మీద చుట్టిన చిన్న సున్నా గుర్తొచ్చింది.

రాయి కొనలేని ఆయా. సమాధి తవ్వేవాడు జాలిపడి, ఎవరూ రాని సిపాయి కాళ్ళ దగ్గర మిగిలిన మూరెడు చోటులో ఆ చంటివాణ్ణి పెట్టి ఉంటాడు. ఏటా అమ్మమ్మ వచ్చింది కొడుకు కోసం. పక్కన దీపం లేని సమాధి ఉంటే మా వాళ్ళు దాటి పోలేరు. తన పిల్లాడికి చోటిచ్చినవాడు కూడానూ. అందుకని ఆ కుర్రాడికీ సున్నం, దండ. వెంట వచ్చిన ఆడపిల్లలు పేరున్న రాయిని చూశారు, ఎవరి సమాధికి సున్నం కొడితే వాళ్ళు మనవాళ్ళే అనుకున్నారు. పోయిన బిడ్డ మాట బతికున్న పిల్లల ముందు ఎత్తకూడదని ఆవిడ నోరు విప్పలేదు.

పిన్ని కుర్చీ పక్కన కింద కూర్చుని అంతా చెప్పాను. ఇన్నయ్య సంగతి, సిపాయి వయసు, ఈ ఇటుకలు. అవతల ఉన్న తల్లిని చూపించాను. పిన్ని ఏడవలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

అప్పుడే ఫాదరు మా దగ్గరికి వచ్చాడు. ఇక దాచాలనిపించలేదు. "ఫాదర్, ఈ కార్మొడీ మాకు ఏమీ కాడు" అన్నాను. నా వచ్చీ రాని హిందీలో, రీనా అందిస్తుంటే, మొత్తం చెప్పాను. "ఇక్కడున్నది ఈవిడ అన్న. కాగితమైతే నా దగ్గర లేదు. ఈ ఇటుకలున్నాయి, బతాసాలున్నాయి, అంతే."

ఆయన ఆ మట్టి వైపు చూశాడు. తల వైపు వెళ్ళి కార్మొడీకి మంత్రజలం చల్లాడు. తరవాత ఇటు వచ్చి, వంగి, బతాసాలు తడవకుండా ఇటుకల చుట్టూ చల్లాడు.

"అన్నాచెల్లెళ్ళు కుటుంబం కాకపోతే ఇంకెవరు కుటుంబం? కమిటీకి నేను చెప్తాను" అన్నాడు. చెప్పాడు కూడా. ఒప్పుకున్నారని రీనా నాకు ఫోన్ చేసింది, నేను ఇంటికి వచ్చిన వారానికి.

ఆయన వెళ్ళాక నేను కొవ్వొత్తి ఒకటి ఎక్కువ వెలిగించి కార్మొడీ రాయి దగ్గర పెట్టాను. ఇరవై రెండేళ్ళ కుర్రాడు. ఆ సముద్రం పక్క పల్లెలో ఇంటూ గుర్తు పెట్టిన ఆనర్ వీడి తల్లేనో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరి కొడుకైతేనేం, అమ్మమ్మ వచ్చినప్పటి నుంచీ ఒక్క ఏడాది కూడా చీకట్లో లేడు. ఆ మాట ఆ తల్లికి ఎవరైనా చెప్పగలిగితే బాగుండేదనిపించింది.

వెనక్కి తిరిగి చూస్తే, పిన్ని రీనా చేత కుర్చీ జరిపించుకుని ఇటుకల పక్కకు వచ్చి కూర్చుంది. వంగి, పేర్చిన బతాసాల మీద చెయ్యి ఆనించి ఉంది.

"ఇన్నేళ్ళూ తాతా తాతా అని పిలిచా. చంటోడివి, ఎట్టా పలుకుతావు?" అంది. "అన్నయ్యా. నేనే. నీ చెల్లెల్ని, ఆగ్నేసుని."

తలెత్తి నా వైపు చూసింది.

"ఒసే సిసిలీ, వాళ్ళకి సరిగ్గా చెప్పు. నన్ను తలవైపు పెట్టమాకండి. ఈ చివరే పెట్టమను. చంటోడు ఇన్నాళ్ళూ ఒక్కడే పడుకున్నాడు."